మార్చలేనిదానికి ముందు, కలపగలిగేదానికి తర్వాత

సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న, "నలభై వేలలో ఏ ప్రాసెసర్ మంచిది?" అని. ప్రశ్న అక్కడ మొదలైతే బడ్జెట్ సగం దారి తప్పినట్టే. ప్రాసెసర్‌కి పోగా మిగిలిన డబ్బులో మిగతావన్నీ ఇరికించాల్సి వస్తుంది. ఆ ఇరుకులో మొదట చిక్కిపోయేది కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, ఆ తర్వాత మదర్‌బోర్డ్. తీరా చూస్తే, కంప్యూటర్ ఎన్నేళ్ళు నడుస్తుందన్నది ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న సూత్రం ఒక్కటే. కొన్నాక మార్చడం కష్టమైన వస్తువుకి ముందు డబ్బు కేటాయించండి. ఆర్నెల్ల తర్వాత తెచ్చి కలుపుకోగలిగిన వస్తువును ధైర్యంగా వాయిదా వేయండి. మదర్‌బోర్డ్ మార్చాలంటే పెట్టె మొత్తం విప్పాలి. ఒక్కోసారి దానితోపాటు ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాల్సి వస్తుంది. అదే ఇంకో ర్యామ్ ముక్క పెట్టడం రెండు నిమిషాల పని. రెండో డిస్క్ బిగించడానికి స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. గ్రాఫిక్స్ కార్డ్‌కైతే మదర్‌బోర్డ్ మీద ఖాళీ స్లాట్ ఎదురుచూస్తూనే ఉంటుంది. విడిభాగాలతో బిగించుకునే కంప్యూటర్ గొప్పతనమంతా ఇందులోనే ఉంది. డబ్బు వచ్చినకొద్దీ అది మీతోపాటు ఎదుగుతుంది.

ముందు పని రాయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఈ కంప్యూటర్ మీద రోజూ ఏం చేస్తారో రాయండి. "అన్నీ" అని రాయొద్దు. సాఫ్ట్‌వేర్ పేర్లతో సహా రాయండి. దాని కింద, రెండేళ్ళలో కొత్తగా ఏం చేయాలనుకుంటున్నారో రాయండి. ఈ రెండు జాబితాలే మీకు అసలైన సలహాదారులు.

బీటెక్ చదివే విద్యార్థిని తీసుకుందాం. కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, ప్రాజెక్ట్ రిపోర్టులు, అప్పుడప్పుడు సినిమా. ఈ పనులకి విడిగా గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే సరిపోతుంది. 16 జీబీ ర్యామ్, ఒక మంచి ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా సాగిపోతుంది.

ఇప్పుడు పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే అమ్మాయి సంగతి చూద్దాం. ఆల్బమ్‌లో ఒక షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే 3,600 నిలువు, 10,800 అడ్డం, మొత్తం 3 కోట్ల 88 లక్షల 80 వేల చుక్కలు. ఒక్కో చుక్కకి మూడు బైట్లు లెక్కేసినా ఫొటోషాప్‌లో నిండుగా ఉన్న ఒక్క లేయర్‌కే దాదాపు 117 మెగాబైట్లు. షీటు మీద వధూవరుల ఫొటోలు, పూల బోర్డరు, నీడలు, పేర్లు కలిపి ఇరవై లేయర్లు తేలిగ్గా అవుతాయి. పక్కన ఇంకో రెండు షీట్లు తెరిచి ఉంటాయి. ఈ అమ్మాయికి ఖరీదైన ప్రాసెసర్ కన్నా 32 జీబీ ర్యామ్, రంగుల్ని ఉన్నవున్నట్టు చూపే మానిటర్ ముఖ్యం.

గేమ్స్ ఆడే కుర్రాడిది వేరే లెక్క. అతని బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డ్‌దే. ముగ్గురి చేతిలో ఒకే మొత్తం ఉన్నా ముగ్గురి కంప్యూటర్లూ ఒకేలా ఉండవు. అందుకే పక్కింటివాళ్ళు కొన్న జాబితాను యథాతథంగా దింపుకోవద్దు.

డబ్బును ఇలా విడగొట్టండి

మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలంటారు. ముందు ఆ మంచం కొలత తేలాలి. మీ దగ్గరున్న మొత్తంలోంచి మానిటర్, కీబోర్డ్, మౌస్, యూపీఎస్ ఖర్చు మొదటే పక్కన పెట్టండి. చాలామంది వీటిని మర్చిపోయి చివర్లో అప్పు చేస్తారు. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే మానిటర్‌ని రెండు మూడు నెలలు వాయిదా వేయొచ్చు. విండోస్ లైసెన్స్‌కి డబ్బు లేకపోతే దొంగ కాపీ జోలికి పోవద్దు. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ఉచితం. వాటిలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ కూడా ఉంటుంది.

మిగిలింది వంద రూపాయలనుకోండి. గ్రాఫిక్స్ కార్డ్ లేని మొదటి కంప్యూటర్‌కి నేను సూచించే పంపకం ఇది: ప్రాసెసర్‌కి 28, మదర్‌బోర్డ్‌కి 19, ర్యామ్‌కి 20, ఎస్‌ఎస్‌డీకి 14, ఎస్‌ఎంపీఎస్‌కి 11, క్యాబినెట్‌కి 8. ధరలు మారినప్పుడు ఒకటి రెండు రూపాయలు అటూ ఇటూ జరపొచ్చు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. మెమరీ చిప్‌లు తయారుచేసేవాళ్ళు ఏఐ డేటా సెంటర్ల వైపు మొగ్గడమే అందుకు ప్రధాన కారణం. అలాంటప్పుడు ర్యామ్ వాటా పెరుగుతుంది. అది పెరిగింది కదా అని ఎస్‌ఎంపీఎస్ వాటా మాత్రం కోయొద్దు. క్యాబినెట్ అందంలోనో, ఎస్‌ఎస్‌డీ సైజులోనో సర్దుకోండి.

ప్రాసెసర్ పేరు చదవడం నేర్చుకోండి

"ఐ7 సిస్టమ్, చాలా తక్కువకే ఇస్తాం" అనే మాట వినే ఉంటారు. ఐ7 అనేది శ్రేణి పేరు మాత్రమే. అసలు సంగతి ఆ తర్వాతి అంకెల్లో ఉంటుంది. కోర్ ఐ7-3770 మూడో తరానిది, 2012లో వచ్చింది. కోర్ ఐ3-12100 పన్నెండో తరానిది, 2022లో వచ్చింది. రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. అయినా పదేళ్ళ తర్వాత వచ్చిన ఐ3 ఆ పాత ఐ7 కన్నా చాలా వేగంగా పనిచేస్తుంది. పైగా విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించేది ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త క్యాబినెట్‌లో పాత ప్రాసెసర్ పెట్టి అమ్మే సెట్లు ఇంకా ఉన్నాయి. అంకె అడక్కుండా డబ్బు ఇవ్వొద్దు.

అంకె చివరి అక్షరం కూడా చూడండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. ఐ3-12100లో గ్రాఫిక్స్ ఉంది, ఐ3-12100ఎఫ్‌లో లేదు. ఎఫ్ రకం కాస్త చవగ్గా వస్తుంది. కానీ విడిగా గ్రాఫిక్స్ కార్డ్ పెట్టకపోతే తెర మీద ఏమీ కనపడదు. ఏఎండీలో రైజెన్ 5 5600జిలో గ్రాఫిక్స్ ఉంది, ఒట్టి 5600లో లేదు. గ్రాఫిక్స్ కార్డ్‌ని వాయిదా వేయాలనుకునేవాళ్ళకి ఆ ఒక్క అక్షరం చాలా విలువైనది.

మొదటి కంప్యూటర్‌కి ఐ3-12100, 5600జి లాంటివి చాలా కాలంగా నమ్మకమైన ఎంపికలు. 5600జికి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఈ రెండింటి బాక్సులోనూ కూలర్ వస్తుంది కాబట్టి దానికి వేరే ఖర్చు లేదు. మీరు కొనే రోజుకి ఇదే స్థాయిలో కొత్తవి వచ్చి ఉండొచ్చు. చూడాల్సింది మాత్రం ఈ మూడే: ఏ తరం, లోపల గ్రాఫిక్స్ ఉందా, కూలర్ వస్తుందా.

మదర్‌బోర్డ్ అంటే రేపటి దారి

మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. ఏ సాకెట్ ఎంచుకుంటున్నారన్నదే రేపు మీరు ఎంత ఎదగగలరో తేలుస్తుంది. ఏఎండీ ఏఎం4 సాకెట్ ఇందుకు మంచి ఉదాహరణ. 2017లో కొన్న కొన్ని బోర్డులు బయాస్ (బోర్డ్‌లోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో 2022లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లని కూడా నడిపాయి. ఏఎం4 ఇప్పుడు చివరి దశలో ఉంది. దాని తర్వాతి ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. అందులో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలు కూర్చుంటాయి.

చేతిలో డబ్బు బాగా తక్కువైతే ఏఎం4గానీ, డీడీఆర్4 పట్టే ఎల్‌జీఏ1700 బోర్డ్‌గానీ తీసుకోండి. ఇంకో నాలుగైదు నెలలు ఆగగలిగితే ఏఎం5కి వెళ్ళడం దీర్ఘకాలంలో లాభం. డీడీఆర్4, డీడీఆర్5 ముక్కల్లో గాడి వేరు వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. బోర్డ్ వివరాల్లో డీడీఆర్4 అని ఉందో, డీడీఆర్5 అని ఉందో చూసుకున్నాకే ర్యామ్ కొనండి.

బోర్డ్ మీద మూడు విషయాలు లెక్కపెట్టండి: ర్యామ్ స్లాట్లు రెండా నాలుగా, ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు ఒకటా రెండా, ప్రాసెసర్ పక్కన కరెంటు సరఫరా చేసే భాగాల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందా లేదా. హెచ్610, ఏ520 రకాల బోర్డులు చవక. చిన్న ప్రాసెసర్‌కి అవి చాలు. రేపు పెద్ద ప్రాసెసర్ పెట్టే ఆలోచన ఉంటే బీ660, బీ760, బీ550 రకాల వైపు చూడండి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో నడిపేవాళ్ళు 16 జీబీ ఒకే ముక్క కొనేకన్నా 8 జీబీవి రెండు కొనాలి. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు ముక్కలుంటే రాకపోకలకి రెండు దారులు దొరికినట్టు. వీడియోలో, గేమ్స్‌లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. విడిగా కార్డ్ పెట్టేవాళ్ళు ధరలు మండిపోతున్నప్పుడు 16 జీబీ ఒక్క ముక్కతో మొదలుపెట్టి, తర్వాత అదే మోడల్ ఇంకోటి కలుపుకోవచ్చు.

చాలా ర్యామ్ ముక్కలు పెట్టగానే వాటి పూర్తి వేగంతో నడవవు. బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. కొన్ని ఏఎండీ బోర్డుల్లో అది డీఓసీపీ అనో, డీడీఆర్5 అయితే ఎక్స్‌పో అనో ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని వాడుకోకుండా వదిలేయొద్దు.

ఎస్‌ఎస్‌డీలో సాటా రకం వేగం సెకనుకి 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ రకం జెన్3లో, అంటే మూడో తరంలో, దాదాపు 3,500 దాకా వెళ్తుంది. జెన్4 ఇంకా వేగం. అయితే 5600జి ప్రాసెసర్ జెన్3 దాకానే ఇస్తుంది. దానికి జెన్4 ఎస్‌ఎస్‌డీ పెట్టినా జెన్3 వేగమే వస్తుంది. అందుకోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. మొదట 500 జీబీ తీసుకుని, ఎం.2 స్లాట్ రెండోది ఉంటే దాన్ని రేపటికి ఉంచండి.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద ఆశ పెట్టుకోవద్దు. దాని పక్కన అతికించిన లేబుల్ చూడండి. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉంటుంది. కింద చిన్న గళ్ళ పట్టిక ఉంటుంది. అందులో +12వి అని రాసిన గడి వెతకండి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డ్‌కీ ప్రధానంగా కరెంటు వెళ్ళేది ఆ గడి నుంచే. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే పన్నెండు పద్దెనిమిదులు 216. అంటే పైన 450 అని రాసినా అసలు పనికి దొరికేది 216 వాట్లే. అదే మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో 36, 37 ఆంపియర్లు ఉంటాయి. పన్నెండు ముప్ఫైఏడులు 444. పైన రాసిన అంకెకి దగ్గరగా ఉంది కదా, అదీ నిజాయితీ ఉన్న లేబుల్.

80 ప్లస్ బ్రాంజ్ అనే గుర్తు కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది. లోపలి విడిభాగాల నాణ్యతకి అది హామీ కాదు. దానికి తోడు వారంటీ ఎన్నేళ్ళో చూడండి. అయిదేళ్ళు ఇచ్చే కంపెనీ తన వస్తువును తను నమ్ముతున్నట్టు. గ్రాఫిక్స్ కార్డ్ తర్వాత పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 550 వాట్లది తీసుకోండి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు ఒంటరిగా పోకపోవచ్చు, బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోవచ్చు.

మన ఊళ్ళలో కరెంటు పోవడం, వోల్టేజి ఎగుడుదిగుడు కావడం మామూలే. చిన్న యూపీఎస్ ఉంటే ఫైలు సేవ్ చేసి ఆపేసే వ్యవధి దొరుకుతుంది. యూపీఎస్ మీద వీఏ అంకె కన్నా వాట్ల అంకె తక్కువగా ఉంటుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది వాట్లనే. ఇంట్లో ఎర్తింగ్ కూడా పరీక్షించుకోండి. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు క్యాబినెట్ ఇనుము తాకితే వేలు జివ్వుమంటుంటే ఎర్తింగ్ సరిగా లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బాగు చేయించాకే వాడండి.

క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డ్

మే నెలలో గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా అంత ఎక్కువ వేడెక్కుతుంది. 5600జి 95 డిగ్రీలకి చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ కొనండి. గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్ ముందు ఒకటి, బయటికి నెట్టేది వెనక ఒకటి ఉంటే చాలు. ముందు మొత్తం గాజు పలక బిగించి రంగు దీపాలు పెట్టిన పెట్టెకి అందం ఉంటుంది కానీ ఊపిరాడదు.

గ్రాఫిక్స్ కార్డ్ అవసరమైతే దానికి వేరే బడ్జెట్ పెట్టుకోండి. పాతది కొనేటట్టయితే కంప్యూటర్‌లో పెట్టించి, అరగంట గేమ్ నడిపించి చూశాకే డబ్బు ఇవ్వండి. కార్డ్ బిగించాక మానిటర్ కేబుల్ కార్డ్‌కే పెట్టాలి, బోర్డ్‌కి కాదు.

కొటేషన్ మీ చేతిలో ఉండాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఒకే భవనంలో ఎన్నో కంప్యూటర్ దుకాణాలు కనిపిస్తాయి. అందరూ సీటీసీ అంటారు. అక్కడైనా, మీ ఊళ్ళోనైనా అడిగితే ఇలాంటి చీటీ రాసిస్తారు: "12 జెన్ ఐ5, బోర్డ్, 16 ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 450 ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్." ఈ చీటీలో ఒక్క వస్తువుకీ కంపెనీ పేరు లేదు, మోడల్ నంబర్ లేదు. దీనికి ఒప్పుకుంటే ఏది పెట్టినా మీరు అడగలేరు.

"అన్నా, ఒక్కోదానికి కంపెనీ, మోడల్ నంబర్, వారంటీ ఎన్నేళ్ళు, ధర విడివిడిగా రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. మంచి వ్యాపారి విసుక్కోడు. అలాంటి చీటీలు మూడు దుకాణాల్లో తీసుకుని, ఆన్‌లైన్ ధరలతో పోల్చుకోండి. "బిల్లు వద్దంటే తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. కంప్యూటర్ విడిభాగాల మీద జీఎస్‌టీ 18 శాతం. ఆ డబ్బు మిగిలిందనుకుంటాం కానీ రెండో ఏడు బోర్డ్ పోయినప్పుడు సర్వీస్ సెంటర్‌లో అడిగేది బిల్లే. బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయించుకోండి. ప్రాసెసర్ సీలు వేసిన బాక్సులో ఉందా, విడిగా ట్రేలోంచి తీసి ఇస్తున్నారా అని చూడండి. ట్రే రకానికి కంపెనీ బాక్సు వారంటీ వర్తించకపోవచ్చు.

బిగించే రోజు

తొందర లేని ఆదివారం పెట్టుకోండి. క్యాబినెట్‌లో పెట్టకముందే బోర్డును దాని అట్టపెట్టె మీద ఉంచి ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ కలిపి ఒకసారి ఆన్ చేసి చూడండి. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న త్రికోణం గుర్తు సాకెట్ మీది త్రికోణంతో కలవాలి. కలిస్తే తనంతట తనే కూర్చుంటుంది. బలం అస్సలు వాడొద్దు. ఏఎం4 ప్రాసెసర్ల అడుగున సన్నని పిన్నులుంటాయి, ఒకటి వంగినా ఇబ్బందే. ర్యామ్‌కి మాత్రం కాస్త బలం కావాలి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. నాలుగు స్లాట్లుంటే ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. డీడీఆర్5 బోర్డ్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయొద్దు.

ఈ వారం చేయాల్సిన పనులు

1. మీ రోజువారీ పనులు, రెండేళ్ళ తర్వాతి పనులు సాఫ్ట్‌వేర్ పేర్లతో ఒక కాగితం మీద రాయండి.

2. మానిటర్, యూపీఎస్ వగైరా తీసేసి మిగిలిన మొత్తాన్ని వంద రూపాయల పంపకం ప్రకారం విడగొట్టండి.

3. సాకెట్, ర్యామ్ రకం, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల ఆంపియర్లు: ఈ నాలుగూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూసుకోండి.

4. మోడల్ నంబర్లతో మూడు కొటేషన్లు తెచ్చుకోండి. ఆ రోజే కొనొద్దు. ఒక రాత్రి ఆలోచించండి.

5. వాయిదా జాబితా రాయండి. రెండో ర్యామ్ ముక్క, పెద్ద ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డ్, ఏది ఏ నెలలో కొనాలో పక్కన వేసుకోండి. కాగితం మీదికి ఎక్కిన కోరిక మిమ్మల్ని దుకాణంలో తొందరపెట్టదు. దాని వంతు వచ్చినప్పుడు, దానికి సరిపడా డబ్బు చేతిలో ఉన్నప్పుడు, తెచ్చి బిగించుకోవడమే.